విద్యుద్వాద్యములు – మా యౌవనకాలపు సంగీతము

పాములవాడు వీధిలోనికి వచ్చి, బుట్ట దించి, బూర నోటికెత్తుకొని మొట్టమొదట వాయించెడి వరుస యేదియో మన గ్రామమునందలి పెద్దలెల్లరకు తెలియును. పాము పడగ విప్పునో విప్పదో గాని, ఆ వరుస చెవిని బడినంతనే పిల్లలు పరుగెత్తుకొని వచ్చెడివారు. అది అనాదిగా పాములవారి యిండ్లలో తండ్రినుండి కొడుకునకు సంక్రమించిన విద్య యని నేను చిన్ననాట నమ్మితిని. నిజమారయగా ఆ వరుస 1954లో బొంబాయిలో పుట్టినది. ‘నాగిన్’ అను హిందీ చిత్రమునకు హేమంతకుమార్ సంగీతము కూర్చెను. అంతకన్న వింత యేమనగా, ఆ చిత్రమునందు నాగస్వరమై పలికినది సొరబుర్రయు గాదు, వెదురు గొట్టమును గాదు. కరెంటుతో పనిచేయు ఒక చిన్న మీటల పెట్టె. దానిపేరు క్లావియోలైన్. వాయించినవాడు కల్యాణ్‌జీ, తరువాత తమ్ముడు ఆనంద్‌జీతో గూడి సంగీత దర్శకుడై ప్రసిద్ధి కెక్కినవాడు. పాములవారు ఆ సినిమా పాట విని, ఆ వరుసను తమ బూరపైకి ఎక్కించుకొనిరి. యంత్రము పాములవానిని అనుకరింపగా, పాములవాడు యంత్రము ననుకరించెను! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత పాములవారు క్రమముగా తగ్గిపోయిరి. ఆ వరుస మాత్రము పెండ్లి ఊరేగింపులలో నేటికిని నిలిచియున్నది.

రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యవర్గమువారు అడిగినప్పుడు నేనీ విషయమును చెప్పితిని. అందొక పెద్దమనిషి నవ్వి, “కరెంటు పెట్టెలకు చరిత్ర యేమిటయ్యా? చెరువును గూర్చి వ్రాయుము, గుడిని గూర్చి వ్రాయుము” అనిరి. ఆయన మాట త్రోసివేయదగినది కాదు. చెరువును గూర్చియు, గుడిని గూర్చియు నాకన్న తెలిసినవారు వ్రాయుదురు. 1980 ప్రాంతముల యౌవనములో నుండిన మా వంటివారికి ఇప్పుడు అరువది యేండ్లు సమీపించుచున్నవి. మా పెండ్లి పందిళ్లలో మ్రోగినది, పరీక్షల ముందటి రాత్రులలో ప్రక్కయింటినుండి వినవచ్చినది, మేము మిత్రులకు క్యాసెట్లలో నింపి పంపుకొన్నది ఆ కరెంటు సంగీతమే. ఆనాటి పెద్దలు అది సంగీతమే కాదనిరి. నేడు మేము మనుమల యెదుట “ఆ రోజుల పాటలే పాటలు” అని నిట్టూర్చుచున్నాము. ఆ శబ్దము ఎచ్చటనుండి వచ్చెను, ఎవరు తెచ్చిరి, అది వచ్చుటవలన ఎవరికి నష్టము కలిగెను – ఇంతమాత్రము చెప్పుటకు ప్రయత్నింతును.

ముందుగా ఆ శబ్దము పుట్టు తెరగు తెలియవలెను. వీణయందు తంతి కదలును; ఆ కదలిక కుండకు అంది గాలిని కదలించును. వేణువునందు ఊపిరియే కదలును. మృదంగమున తోలు కదలును. విద్యుద్వాద్యమునందు తంతియు లేదు, తోలును లేదు. తీగల నడుమ ప్రవహించెడి విద్యుత్తునే సెకనునకు ఇన్నిమార్లని ఊగునట్లు చేయుదురు. 440 మార్లు ఊగినచో ఒక స్వరము, 880 మార్లు ఊగినచో దాని పైస్థాయి స్వరము. ఆ ఊగులాట లౌడుస్పీకరు పొరను కదలించినప్పుడు గాని మనకు వినబడదు. రష్యా దేశమున లెవ్ తెర్మెన్ అను భౌతికశాస్త్రవేత్త 1920 ప్రాంతమున ఇట్టి వాద్యమొకటి నిర్మించెను. దానిని వాయించువాడు ముట్టుకొననవసరము లేదు; పెట్టెకు ఎదుట గాలిలో చేతులు కదిపినచో స్వరము హెచ్చును తగ్గును. 1922లో లెనినుగారికి దానిని వినిపించెను. క్లావియోలైనును ఫ్రాన్సు దేశమున కాన్‌స్టాంట్ మార్టిన్ 1947లో కనిపెట్టెను. రేడియోలలోని గాజు వాల్వులే దానిలో నుండును. ఎన్ని మీటలు నొక్కినను ఒకసారికి ఒక్క స్వరమే పలుకును. అది లోపమే. నాగస్వరమునకు మాత్రము ఆ లోపమే అనుకూలించినది. పాములవాడు బుగ్గలలో గాలి నిలుపుకొని ఊపిరి తెగకుండ ఒకే వరుసను సాగించును. ఈ పెట్టెకు ఊపిరితో పనియే లేదు. స్వరమును వణికించు ఏర్పాటు అందు ఉండనే యున్నది. కల్యాణ్‌జీ ఈ పోలికను పట్టుకొనెను.

యంత్రమని పెద్దలు ఈసడించినది ఇదే మొదటిసారి యనుకొనరాదు. మన పద్యనాటకములకు ప్రాణమని చెప్పుకొను హార్మోనియము గతియు ఒకనాడు ఇట్లే యుండెను. అదియు ఫ్రాన్సునుండి వచ్చినదే. 19వ శతాబ్దపు నడుమ పుట్టినది. స్వరమునుండి స్వరమునకు జారుట దానికి చేతగాదు, గమకము పలుకదు, దాని శ్రుతి మన శ్రుతి కాదు అని పండితులు ఆక్షేపించిరి. 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించెను. ఆ నిషేధము 1971 వరకు సాగెను. తరువాతను కొన్ని నియమములతోడనే అనుమతించిరి. రేడియో వలదన్న ఆ ముప్పది యేండ్లలోనే మన పల్లెలలో హార్మోనియము లేక నాటకము లేదు. ఆరు శ్రుతిలో పద్యమెత్తుకొన్న నటుని వెన్నంటి, అతడు విడిచిన రాగమును మరల పట్టి యిచ్చెడి హార్మోనిస్టునకు నటునితో సమానముగా చప్పట్లు పడెడివి. ఢిల్లీలో పరాయిది, మన పందిట సొంతము.

ఇట నొక ముచ్చట చెప్పక తప్పదు. మా యూర నాటకములకు హార్మోనియము వాయించెడి మాస్టారొకరు ఉండెడివారు. 1987 శ్రీరామనవమికి ‘సత్యహరిశ్చంద్ర’ ఆడ నిశ్చయించినప్పుడు మేము కుర్రవారము చందాలు వేసి, పట్టణమునుండి కాసియో కీబోర్డు వాయించువానిని పిలిపించితిమి. ఒక మీట నొక్కినచో వయొలిన్లు, మరియొక మీట నొక్కినచో వేణువు, ఇంకొకటి నొక్కినచో డ్రమ్ములు తమంతట తామే మ్రోగును. మాస్టారు దానిని చూచి, “దీనికి తిత్తి లేదురా అబ్బాయీ! ఊపిరి యెక్కడినుండి తీసికొనును?” అని మాత్రము అడిగి, వెనుక వరుసలో కూర్చుండిరి. నేనే ఎదురు చెప్పితిని. “మాస్టారూ, మీ హార్మోనియము కూడ దొరలది కాదా?” అంటిని. ఆయన పలుకలేదు. కాటిసీను నడుచుచుండగా కరెంటు పోయెను. కీబోర్డు ఆగెను; హరిశ్చంద్రుడు పద్యము నడుమ నోరు తెరచి నిలిచెను. పెట్రొమాక్సు వెలిగించునంతలో ఎవరో పరుగున పోయి మాస్టారి యింటినుండి హార్మోనియము తెచ్చిరి. తెల్లవారువరకు ఆయనయే వాయించిరి. నాతో ఆనాడు గాని తరువాత గాని దానిని గూర్చి ఒక్క మాట యనలేదు. నేను క్షమాపణము చెప్పనే లేదు. ఆయన కడపటి దినములలో చూడబోయినప్పుడు, మంచము ప్రక్కన చేతిపెట్టె యంత యెలక్ట్రానిక్ శ్రుతి పెట్టె యొకటి సన్నగా మ్రోగుచుండెను. తిత్తి త్రొక్కుటకు ఓపిక లేదు గదా యని ఆయనయే నవ్విరి. బెంగుళూరులో 1970ల చివరినుండి అట్టి పెట్టెలు తయారగుచున్నవి. నేడు హరికథలకును, కచేరీలకును అవియే దిక్కు. వానిని ఎవరును విద్యుత్సంగీతమని తిట్టరు!

ఇక మన దేశమున విద్యుత్సంగీతము శాస్త్రవిషయముగా అడుగిడిన కథ వేరు. అది సినిమాలకు సంబంధించినది కాదు. అమెరికాలో రాబర్టు మూగ్ 1964లో సింథసైజరు అను వాద్యమును ప్రదర్శించెను. ముందటి వాద్యములు ఒకటి రెండు శబ్దములకే పరిమితములు. దీనియందు శబ్దమును మొదటినుండి మలచుకొనవచ్చును – ఎంత త్వరగా లేవవలెను, ఎంతసేపు నిలువవలెను, ఎట్లు ఆరిపోవలెను, ఎంత పదును ఉండవలెను అనునవి యన్నియు తిరుగుడు బిళ్లలతో నిర్ణయింపవచ్చును. 1968లో వెండీ కార్లోస్ ఈ వాద్యముపై బాఖ్ అను జర్మను సంగీతకర్త కృతులను పలికించి గ్రామఫోను రికార్డు వెలువరించినప్పుడు లోకమునకు దీని సంగతి తెలిసెను. ఆ మరుసటి యేడే, 1969లో, అహమ్మదాబాదునందలి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అను సంస్థలో మూగ్ సింథసైజరుతో స్టూడియో ఏర్పడెను. అమెరికా వాద్యకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి దానిని నెలకొల్పెను. గీతా సారాభాయి దీనికి మూలపురుషులలో ఒకరు. ఆమె 1946లో న్యూయార్కు వెళ్లి, జాన్ కేజ్ అను నవ్య సంగీతకర్తకు మన సంగీతము నేర్పి, అతనివద్ద పాశ్చాత్య సంగీతము నేర్చుకొనివచ్చిన విదుషి. అచ్చట కొద్దిమంది మూడు నాలుగేండ్లు పనిచేసిరి. 1972 ప్రాంతమున ఆ పని నిలిచిపోయెను.

వారు చేసిన టేపులు ఆ సంస్థయొక్క గ్రంథాలయ భాండారములోనే యుండెను. నలువది యైదేండ్లు ఎవరును విప్పి వినలేదు. 2017 ప్రాంతమున ఇంగ్లండునుండి వచ్చిన పాల్ పర్గస్ అను సంగీతకారుడు వానిని వెదకి పట్టెను. 2023లో అవి రికార్డులుగా వెలువడినవి. నేను విన్నాను. నిజము చెప్పవలెనన్న, అందు కొన్ని నా చెవికి తలుపు కిర్రుమన్నట్లు తోచినవి. కొన్ని మాత్రము తెల్లవారుజామున తంబుర శ్రుతి చేయుచున్నట్లే యున్నవి. వాని గుణదోషముల మాట అటుండనిండు. ఒక గ్రంథాలయపు బీరువా ఆ టేపులను పారవేయకపోవుటవలననే మన దేశమున 1969లో ఇట్టి ప్రయత్నము జరిగెనని నేడు మనకు చెవులార తెలియుచున్నది.

బొంబాయి సినిమా స్టూడియోలలోనికి సింథసైజరు 1970లలో ప్రవేశించెను. దానిని తెచ్చినవారిలో అకార్డియను వాయించెడి కెర్సీ లార్డు ముఖ్యుడు. అప్పటికింకను ఆ వాద్యము మిక్కిలి ఖరీదైనది. జపానువారు చౌకగా చేయుట మొదలిడిన పిదప గాని ఇది వీధులలోనికి రాలేదు. రోలాండు సంస్థ 1980లో టీఆర్-808 అను తాళయంత్రమును, 1981లో టీబీ-303 అను మరియొక చిన్న పెట్టెను అమ్మకమునకు పెట్టెను. ఈ రెండవది గిటారు నేర్చుకొనువాడు ఒంటరిగా సాధన చేయునప్పుడు మంద్రస్వరము తోడుగా నుండవలెనని చేసినది. అది గిటారు తోడువలె పలుకలేదు. తేనెటీగ డబ్బాలో చిక్కుకొన్నట్లు పలికెను. సుమారు పదివేలు చేసి, 1984లో ఆపివేసిరి.

ఈ రెండు పెట్టెలకును, జూపిటర్-8 అను పెద్ద సింథసైజరునకును మనవాడొకడు కొత్త పని కల్పించెను. చరణ్‌జీత్ సింగ్ బొంబాయి సినిమా వాద్యబృందములలో గిటారు మొదలగునవి వాయించెడివాడు. అతడు 1982లో పది హిందుస్తానీ రాగములను డిస్కో తాళముపై ఈ యంత్రములతో వాయించి రికార్డు చేసెను. అందు యమన్, భూపాలి, మాల్కౌంస్ రాగములున్నవి. అనగా ఇంచుమించు మన కల్యాణి, మోహన, హిందోళము లన్నమాట. ఆ చిన్న పెట్టెకు స్వరమునుండి స్వరమునకు జారెడి గుణము కలదు. హార్మోనియమునకు లేదని పండితులు విచారించిన ఆ జారు, డిస్కో యంత్రములో దొరికెను! ఆ రికార్డును ఆనాడు కొన్నవారు మిక్కిలి తక్కువ. అయిదేండ్ల తరువాత అమెరికాలోని చికాగోలో నల్లజాతి యువకులు కొందరు అదే టీబీ-303 పెట్టెను తిప్పి తిప్పి నూతన నృత్యసంగీతమును సృష్టించిరి. 1987 నాటి వారి రికార్డు లోకమంతట వ్యాపించెను. 2002లో ఢిల్లీలో ఒక డచ్చి దేశీయునకు చరణ్‌జీత్ సింగ్ రికార్డు దొరకెను. అతడు 2010లో మరల అచ్చొత్తించెను. చికాగోకన్న ముందే బొంబాయిలో ఈ ధ్వని పుట్టినదా యని పాశ్చాత్య పత్రికలు ఆశ్చర్యపడినవి. చరణ్‌జీత్ సింగ్ వృద్ధాప్యమున విదేశములలో కచేరీలు చేసి, 2015లో మరణించెను. పిలుపు వచ్చెను, ఆలస్యముగా వచ్చెను.

మనము ఆనాడు ఆ రికార్డును వినలేదు. మన చెవులకు విద్యుత్సంగీతము మద్రాసు దారిన వచ్చినది. 1980లలో తెలుగు పాటల ముద్రణ అధికభాగము మద్రాసులోనే జరుగుచుండెను. 1986లో కృష్ణగారి ‘సింహాసనము’ చిత్రమునకు బొంబాయినుండి బప్పీ లహరి వచ్చి సంగీతము కూర్చెను. రాజుల కథకు డిస్కో దరువు! పెద్దలు తలలు పట్టుకొనిరి. మేము హాలులో ఈలలు వేసితిమి. ఆ యేడే ఇళయరాజా తమిళమున ‘పున్నగై మన్నన్’ చిత్రమునకు కంప్యూటరు సాయముతో వాద్యములను నడిపించెను. అది తెలుగున ‘డాన్స్ మాస్టర్’ అను పేర వచ్చెను. పాశ్చాత్య వాద్యబృందపు వయొలిన్లును, పల్లె డప్పులును, ఈ కొత్త యంత్రమును ఒకే పాటలో కొట్లాడకుండ కూర్చుండబెట్టిన ఘనత ఆయనది. నా మట్టుకు నాకు విద్యుద్వాద్యమునకు హృదయము గలదని ఒప్పించినవాడు ఆయనయే.

తెలుగువారిలో ఈ మార్పు ఒకే ఇంటిలో, తండ్రికిని కొడుకునకును నడుమ జరిగినది. సాలూరి రాజేశ్వరరావుగారు 1951 నాటి ‘మల్లీశ్వరి’కి సంగీతము కూర్చిన మహనీయులు. టి.వి. రాజుగారు 1966 నాటి ‘శ్రీకృష్ణ పాండవీయము’ మొదలగు చిత్రములకు సంగీతము కూర్చినవారు. వీరిద్దరి కాలమున వీణ యనగా వీణ వాయించువాడు స్టూడియోకు రావలెను. ఇరువది వయొలిన్లు కావలెనన్న ఇరువదిమంది రావలెను. వీరి కుమారులు కోటి, రాజ్ ఒక జంటయై 1983నుండి చిత్రములకు సంగీతము కూర్చిరి. 1988 నాటి ‘యముడికి మొగుడు’ పాటలు విననివాడు ఆనాడు మా యూర లేడు. తండ్రులు మనుష్యులను సమకూర్చిన చోట కుమారులు కీబోర్డులను, తాళయంత్రములను సమకూర్చిరి. దరువు బలపడెను, పాట పరుగెత్తెను. ఆ జంటవద్ద కీబోర్డు వాయించిన యువకులలో ఒకని పేరు దిలీప్. అతని తండ్రి శేఖర్ మలయాళ చిత్రములలో సంగీతకారుడు. 1976లో ఆయన గతించినప్పుడు పిల్లవానికి తొమ్మిదేండ్లు. ఆయన మిగిల్చిపోయిన వాద్యములను అద్దెకిచ్చి ఆ కుటుంబము బ్రదికినది. ఆ పిల్లవాడే 1992లో ‘రోజా’ చిత్రముతో ఏ.ఆర్. రెహమాన్ అను పేర దేశమునకు పరిచితుడయ్యెను. విద్యుద్వాద్యము ఒక్కొక్క ఇంటికి కూడు పెట్టినది కూడ.

ఒక్కొక్క ఇంటి కూడు తీసివేసినది కూడ. ఇది చెప్పక మా యౌవనమును పొగడుకొనుట న్యాయము కాదు. 1982లో బ్రిటను వాద్యకారుల సంఘమునకు చెందిన లండను శాఖ యొకటి సింథసైజర్లను, తాళయంత్రములను స్టూడియోలనుండి నిషేధింపవలెనని తీర్మానించెను. ఆ తీర్మానము నిలువలేదు. మద్రాసు, బొంబాయి స్టూడియోల మాట యేమన, వయొలిన్ల వరుసలు క్రమముగా చిన్నవయ్యెను. ఒక కీబోర్డుపై ‘స్ట్రింగ్సు’ అని వ్రాసిన మీట నొక్కినచో వయొలిన్ల గుంపు పలుకును గదా, ఇరువదిమందికి భత్యము ఇచ్చువాడెవడు? మన పల్లెలలోను పెండ్లి బ్యాండులో క్లారినెట్టు వాయించినవారు, సన్నాయి వాయించినవారు కొలువులు తగ్గి కూలికి పోయిరి. నేను ఏ పాటను తలచుకొని కన్నులు చెమ్మగిల్లచేసికొందునో, ఆ పాటలోనే వారు లేరు. ఇది నాకు యౌవనమున తట్టలేదు.

మరియొక విచిత్రము. 1983లో యమహా సంస్థ డీఎక్స్-7 అను కీబోర్డును వెలువరించెను. దాని సూత్రమును కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ 1967లో కనుగొనెను: ఒక స్వరముచేత మరియొక స్వరమును మిక్కిలి త్వరగా వణికించినచో గంటవలె, గాజువలె, కంచువలె క్రొత్త ధ్వనులు పుట్టును. ఈ కీబోర్డు లోకమంతట లక్షకు పైగా అమ్ముడుపోయెను. దానిలో క్రొత్త శబ్దమును తయారుచేసికొనుట మహా కష్టము. కావున వాయించువారిలో పెక్కుమంది, ఫ్యాక్టరీలో నింపి పంపిన 32 శబ్దములనే వాడుకొనిరి. అందుచేత ఆ దశాబ్దపు అమెరికా పాటలోను, జర్మనీ పాటలోను, మన తెలుగు యుగళగీతములోను అదే గంట మ్రోగును. మా యూరి టీ హోటలులో 1988లో విని పులకించిన ఆ మెరుపు శబ్దమునే, అదే యేట ఎచ్చటనో మంచు కురియు ఊరిలో ఎవడో యువకుడు విని పులకించియుండును. అతనికి మన భాష రాదు, మనకు అతని భాష రాదు. వృద్ధాప్యమున ఇద్దరికిని తలపునకు వచ్చునది ఒక్క పెట్టెలోని ఒక్క మీట.

అయినను మేము విన్నది పెట్టెను మాత్రమే కాదు. ఆ రోజులలో మా తాలూకా పట్టణమున బస్టాండు ఎదుట క్యాసెట్ల దుకాణమొకటి యుండెడిది. కావలసిన పాటల పట్టిక కాగితముపై వ్రాసియిచ్చి, అరువది నిమిషముల ఖాళీ క్యాసెట్టు కొని, ముందుగా సొమ్ము చెల్లించి రావలెను. వారము దినములకు నింపి యిచ్చును. ముప్పది నిమిషములకు ఒక ప్రక్క అయిపోవును గనుక చివరి పాట చరణము నడుమ తెగిపోయెడిది. ఆ తెగిన చోటు మాకు కంఠస్థము. నేటికిని ఆ పాటను పూర్తిగా విన్నప్పుడు ఆ చోటు దాటగానే మనస్సు ఉలికిపడును. టేపు చిక్కుపడినచో పెన్సిలు దూర్చి త్రిప్పి సరిచేసెడివారము. కువైటు పోయివచ్చినవాడు తెచ్చిన రెండు స్పీకర్ల టేపురికార్డరు ఏ యింట నున్నదో ఆ యింటి అరుగు సాయంకాలము నిండిపోయెడిది. పాట మొదలగుటకు ముందు స్పీకరులో సన్నని బుస యొకటి వచ్చెడిది. అది టేపు దోషమని ఇంజనీర్లు చెప్పుదురు. మాకది తెర లేచుటకు ముందు మ్రోగెడి గంట. నేడు అదే పాట ఫోనులో నిర్మలముగా, బుస లేకుండ, తెగకుండ వచ్చుచున్నది. ఏదో తక్కువైనట్లు తోచును. తక్కువైనది పాటలో కాదని తెలియును గాని, తెలిసిన మాత్రమున తోచుట మానదు.

ఆ క్యాసెట్లు చాలవరకు నశించినవి. టేపు అనగా పలుచని ప్లాస్టిక్ పట్టీపై అంటించిన ఇనుపతుప్పు పొడి యనుకొనుడు. చెమ్మకు బూజు పట్టును, ఏండ్లు గడచినకొలది పొడి రాలును, అయస్కాంతము దగ్గరకు చేరినచో చెరిగిపోవును. సినిమా పాటలకు చింత లేదు. అవి వేరుచోట్ల భద్రముగా నున్నవి. మన యూర భజన బృందము కీబోర్డుతో పాడినవి, పెండ్లిండ్లలో పట్టినవి, మాస్టారి హార్మోనియము, పోయినవారి కంఠములు – ఇవి ఆ క్యాసెట్లలో తప్ప మరెచ్చటను లేవు. మన గ్రంథాలయపు క్రింది బీరువాలో దాతలిచ్చిన క్యాసెట్లు రెండు అట్టపెట్టెల నిండ నున్నవి. వినుటకు పోగా, టేపురికార్డరులోని రబ్బరు పట్టీ కరిగి జిగురైపోయెను. క్రొత్త పట్టీ తెప్పించుటకు కార్యవర్గమువారు అంగీకరించిరి. పట్టీ వచ్చిన పిదప ఒక్కొక్క క్యాసెట్టును ఒక్కసారి మాత్రమే నడిపి కంప్యూటరులోనికి ఎక్కింపదలచితిమి. బూజు పట్టినవానిని ముందుగా ఆరబెట్టవలెను.

చదువరుల యిండ్లలో ఇట్టి క్యాసెట్లున్నచో, పాడినవారి పేర్లు తెలిసినంతవరకు చీటీపై వ్రాసి, ఆదివారము ఉదయము గ్రంథపాలకునకు అందజేయ ప్రార్థన. లోపలి అట్టపై చేతివ్రాతతో నున్న పాటల పట్టికలను మాత్రము చింపవలదు. టేపు చెడినను అవి కావలెను.